మిద్దె మీద మనిషి

మా నాయన ఊరి మునసబు. ఆ ఊరు ఇప్పుడు నీళ్ల కింద ఉంది కాబట్టి పేరు చెప్పినా ఎవరికీ దారి తెలియదు. ధర్మవరం నుంచి బుక్కపట్నం వైపు పోయే బాటకు కాస్త లోపలగా, ఒక వంక ఒడ్డున నలభై గడపల ఊరు అంటే చాలు. అన్నీ మట్టితో చదునుగా కప్పు వేసిన మిద్దెలు. వేసవిలో మిద్దెల మీదనే పడుకునేవాళ్లం, మిద్దె మీద నుంచి మిద్దె మీదికి నడిచి ఊరు ఆ చివర దాకా పోయేవాళ్లం.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా ఆ వంకకు అడ్డంగా కట్ట వేస్తారని మాట పుట్టింది. నమ్మినవాళ్లు తక్కువ. తర్వాత కొందరు మనుషులు దుర్భిణీలాంటి యంత్రం ఒకటి తెచ్చి, మూడు కాళ్ల బల్ల మీద పెట్టి, ఊరంతా కొలిచారు. పోయేటప్పుడు ప్రతి ఇంటి గోడకూ సున్నంతో అడ్డంగా ఒక గీత గీశారు. నీళ్లు ఇక్కడి దాకా వస్తాయని గుర్తు. కొందరి ఇళ్లకు ఆ గీత మోకాలెత్తు, కొందరికి నడుమెత్తు. మా ఇల్లు పల్లంలో ఉంది. నేను గోడకు వీపు ఆనించి నిలబడి చేయి పైకి చాపితే కూడా గీత అందలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో కూర్చున్నా, అన్నం తింటున్నా, నా తల మీద నీళ్లు ఉన్నట్టే అనిపించేది. గట్టిగా ఊపిరి పీల్చుకుని వదిలేదాన్ని. అమ్మ చూసి దిష్టి తీసింది.

నోటీసులు మా నాయన చేతికే వచ్చాయి. మునసబు కదా, ఇంటింటికీ ఇచ్చి వేలిముద్ర తీసుకురావలసింది ఆయనే. అంతకు ముందు ఆయన వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఇప్పుడు ఆయన నల్లకోటు వీధి మలుపులో కనబడితే ఆడవాళ్లు లోపలికి పోయి తలుపు వేసుకునేవాళ్లు. ఊళ్లో కోటు వేసుకునే మనిషి ఆయన ఒక్కడే. అమ్మ ఆయన ఇంటికి వచ్చేదాకా వాకిట్లోనే నిలబడేది. ఎవరైనా ఏమైనా చేస్తారని ఆమె భయం.

“ఈ మునసబు పని మనకొద్దు. వదిలేయి,” అని ఏడ్చింది ఒకరోజు.

“నేను వదిలేస్తే పోలీసోళ్లు వస్తారు మే,” అన్నాడు నాయన. “వాళ్లొస్తే ఆడోళ్లను జుట్టు పట్టుకుని ఈడుస్తారు. నేనైతే కాళ్లు పట్టుకోనైనా పంపిస్తా.”

ఆయన ఆ మాట నిజంగా నమ్మే అన్నాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆయనకూ భయం ఉండింది, పైవాళ్లంటే. జీపు చప్పుడు వినబడితే తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

వానలు పడే లోపల ఊరు ఖాళీ కావాలని దండోరా వేయించారు. గుట్ట కింద రాళ్ల నేలలో కొత్తూరు అని పేరు పెట్టి జాగాలు చూపించారు. సగం మంది బండ్లు కట్టుకుని పోయారు. సగం మంది కదలలేదు. పోయినవాళ్లు కూడా పగలు పోయి సాయంత్రానికి తిరిగొచ్చి తమ ఇళ్లలోనే పడుకునేవాళ్లు. అప్పుడు పై అధికారి ఒకాయన జీపులో వచ్చి, ఇళ్ల మీద కప్పులు తీసేస్తే గానీ వీళ్లు కదలరని చెప్పాడు. ఫలానా గురువారం పొద్దున అని రోజు కూడా పెట్టాడు.

మా ఇంటి పక్కన ఒక పెద్దమ్మ ఉండేది. వరసకే పెద్దమ్మ, రక్తసంబంధం లేదు. నాయన ఆమెను వదినా అని పిలిచేవాడు. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. నేను సగం ఆ ఇంట్లోనే పెరిగాను. నా తల దువ్వింది, నాకు రాగి ముద్ద మింగడం నేర్పింది ఆమే.

బుధవారం మధ్యాహ్నం ఆమె నన్ను కొట్టడిలోకి పిలిచింది. కొట్టడి అంటే ఇంటి వెనక భాగాన గింజలు దాచుకునే చీకటి గది. అక్కడ ఒక కడవ నిండా నీళ్లు, ఒక గుడ్డమూటలో వేయించిన శనగపిండి పెట్టుకుని ఉంది.

“పాపా, రేపు పొద్దున నేను ఈడనే ఉంటా. నువ్వు బయట తాళం వేయల్ల. ఎవురైనా అడిగితే కదిరికి మా తమ్ముని ఇంటికి పోయినానని చెప్పు. తాళం చూస్తే వాళ్లు పోతారు. పోయినాక వచ్చి తీద్దువు.”

“నాయన అడిగితే?”

“మీ నాయనకూ అదే చెప్పు. నిజం చెప్పినావో, నా మీద ఒట్టు.”

నా చేయి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది. ఒట్టు తప్పితే, ఎవరి మీద ఒట్టు పెట్టామో వాళ్లు చస్తారని మాకు గట్టి నమ్మకం. సరే అన్నాను.

గురువారం పొద్దున తాళం వేశాను. తాళంచెవి పావడ అంచులో ముడి వేసుకున్నాను. కాసేపటికి జీపు వచ్చింది. అధికారి, ఆయన వెంట నలుగురు బంట్రోతులు, గడ్డపారలు పట్టుకున్న కూలీలు. ఊరి జనం వీధిలో గుంపుగా నిలబడ్డారు. కూలీలు ఎవరి మిద్దె ఎక్కడానికీ ముందుకు రాలేదు. వాళ్లూ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే.

“మొదట మాది,” అన్నాడు నాయన. కోటు విప్పకుండానే గడ్డపార తీసుకుని మా మిద్దె ఎక్కాడు. అమ్మ లోపలి నుంచి అరుస్తూ బయటికి పరుగెత్తింది. అరగంటలో మా నడిమింట్లోకి ఆకాశం కనబడింది. నాయన ముఖం నిండా మట్టి. ఆయన దిగి వచ్చి జనం వైపు చూశాడు. నాది పోయింది, ఇక మీరూ పొండి అన్నట్టు. జనం ఆయనను చూసిన చూపు మాత్రం వేరు. పైవాణ్ణి మెప్పించడానికి సొంత ఇల్లు పగలగొట్టుకున్నాడు అని ఒక ముసలాయన ఉమ్మేశాడు.

ఆ తర్వాతి ఇల్లు పెద్దమ్మది.

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “ముండమోపి ఇల్లు సామీ, మాకొద్దు ఆ ఉసురు,” అన్నాడు ఒకడు. అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. నాయన తాళాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“పెద్దమ్మ యాడుండాది?”

“కదిరికి పోయింది నాయనా. తమ్ముని ఇంటికి.”

“నిజమేనా?”

ఆయన నా కళ్లలోకి చూశాడు. నేను కళ్లు దించలేదు. “నిజమే,” అన్నాను.

ఆయన మిద్దె ఎక్కాడు. మొదటి పోటుకు కప్పు మీది చవుడు మట్టి వాకిట్లో రాలింది. నేను గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాను. అరవాలనుకున్నాను. అరిస్తే పెద్దమ్మ చస్తుంది, ఒట్టు కదా. అరవకపోతే? కొట్టడి వెనకవైపు ఉంది, అక్కడి దాకా పగలగొట్టరులే, ముందువైపు కాస్త తీసి దిగుతాడులే అని నాకు నేను చెప్పుకున్నాను. నాయన కప్పును మోసే దంతె ఒకటి తీసి, ఇంకో దంతె తీసి, కొట్టడి వైపుకే వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. ఆయన కాళ్లు ఎక్కడ ఉన్నాయో కింద నుంచి నాకు కనబడుతూనే ఉంది. దూలం ఒకటి కదిలి, కూలిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడులోనే లోపలి నుంచి ఒక కేక.

తర్వాత అంతా పరుగులు. తాళం పగలగొడదామని ఎవరో రాయి ఎత్తారు. నాయన దూకినట్టే దిగి వచ్చాడు. నేను పావడ ముడి విప్పి తాళంచెవి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన ఆ చెవిని చూశాడు. నా పిడికిలిని తన చేత్తో మూసి, ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని, అందులో నుంచి చెవి తీసుకుని, తనే తాళం తీశాడు. గుంపులో ఎవరూ గమనించలేదు. మునసబు జేబులో నుంచే చెవి వచ్చిందనుకున్నారు.

పెద్దమ్మను మట్టిలో నుంచి బయటికి తీశారు. ప్రాణం ఉంది. కుడి చేయి మోచేతి దగ్గర రెండుగా విరిగి వేలాడుతోంది. ఆమె నన్ను చూసింది. నేను మా అమ్మ వెనక దాక్కున్నాను.

“లోపల మనిషి ఉండాదని తెలిసే చేసినాడు,” అంది ఒకామె. “చెవి గూడా వాడి దగ్గరనే ఉండాది చూడు.”

ఆ మాట ఊరంతా అందుకుంది. నాయన నోరు తెరవలేదు. ఆమె కదిరికి పోయిందని నా బిడ్డే చెప్పింది అని అనలేదు. అధికారి తొందరగా జీపెక్కి పోయాడు. మిగతా ఇళ్లకు మర్నాడు వేరే కూలీలను తెచ్చారు.

కొత్తూరులో మాకు చూపించిన జాగాలో మేము ఒక్కరోజు కూడా ఉండలేదు. మా మేనమామ హిందూపురంలో బెల్లం మండీ నడిపేవాడు. బండి కట్టుకుని పోతుంటే వెనక నుంచి మట్టిగడ్డలు వచ్చి బండికి తగిలాయి. నాయన వెనక్కి తిరగలేదు. ఆ ఏడాది వానలకు ఊరు మునిగింది.

హిందూపురంలో నాయన మండీలో బస్తాలు దింపించే పని చూసేవాడు. కోటు వేసుకోవడం మానేశాడు. బెల్లం బండ్లతో వచ్చే రైతుల్లో ఎవరైనా మా వైపు యాసలో మాట్లాడితే లోపలి గదిలోకి పోయేవాడు. మా వైపు వాళ్లు వచ్చే సంతకు ఎప్పుడూ పోలేదు. ఇంట్లో ఆ గురువారం మాట ఎవరూ ఎత్తలేదు. ఆయనా నేనూ ఇద్దరమే ఉండవలసి వస్తే, ఇప్పుడు అడుగుతాడు అని ఏదో పని పెట్టుకుని బయటికి పోయేదాన్ని. అడగలేదు. అడగకపోవడం ఇంకా భయంగా ఉండేది. పెద్దయ్యే కొద్దీ నా భయం మారింది. ఆయన నన్ను కొడతాడని కాదు, ఆయన ఒకరోజు ఎవరితోనో నిజం చెప్పేస్తాడని. చెప్పితే నేనేమవుతానని. ఆయన నా కోసం తిట్లు మోస్తున్నాడని తెలిసీ, ఆయన ఇంకా మోస్తే బాగుండునని కోరుకున్న కూతుర్ని నేను.

ఎనిమిదేళ్లు గడిచాయి. నేను టీచరు ట్రైనింగు అయి, పెనుకొండలో ఒక చిన్న బడిలో చేరాను. మా బంధువుల ఇంట్లో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. బడి నుంచి వచ్చే దారిలో రాళ్లు కొట్టేవాళ్ల పాక ఒకటి ఉండేది. ఒక సాయంత్రం ఆ పాక ముందు మనిషెత్తు బండలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. పొలాలకు కంచెగా నాటే బండలే. కానీ ఒక్కోదాని మీద సుద్దతోనూ ఎర్రమట్టితోనూ బొమ్మ గీసి ఉంది. ఊరికే చూస్తూ నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. మొదటి బండ మీద ఒక ఇల్లు, వాకిట్లో రోలు, పక్కన వంకర తిరిగిన మునగచెట్టు. ఆ మునగచెట్టు నాకు తెలుసు. మా ఊళ్లో కుమ్మరి వాళ్ల ఇంటిది.

ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని గీస్తున్నాడు. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే పని ఆయనది. భార్య పుట్టిల్లు మా ఊరట. నేనెవరో ఆయనకు తెలియదు.

“ఏం బొమ్మలు ఇవి?” అని అడిగాను.

“మునిగిపోయిన ఊరమ్మా. కొత్తూరులో పుట్టిన పిల్లోళ్లు, మన ఊరు యాడుండాది అని అడుగుతాండారంట. నీళ్లు చూపించి ఏం చెప్తారు? అందుకే ఇంటికొక బండ. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండెనో ఆ వరసలోనే కట్ట కింద నాటుతారు. ఒక్కొక్క ఇంటోళ్లు వచ్చి చెప్తాంటే నేను గీస్తాండా. ఉలి పని ఈళ్లు చేస్తారు.”

నేను ఒక్కో బండా చూసుకుంటూ నడిచాను. ఒకదాని మీద మూడు ఎద్దులు. ఒకదాని మీద పెండ్లి పందిరి. ఒకదాని మీద ఇల్లు ఏమీ లేదు, తలుపు మాత్రమే. ఆ తర్వాతి బండ దగ్గర నా కాళ్లు నిలిచిపోయాయి. మిద్దె ఇల్లు. మిద్దె మీద గడ్డపార ఎత్తి పట్టుకున్న మనిషి. మోకాళ్ల దాకా కోటు. కింద, ఇంటి లోపల, ఒక చేయి పైకెత్తి కూలబడిన ఆడమనిషి.

“అది ఆ ఊరి మునసబు,” అన్నాడు ఆయన నా వెనక నుంచి. “లోపల మనిషి ఉండంగా మిద్దె పగలగొట్టినాడంట. అదేం మనిషో!”

“ఎవరు చెప్పినారు మీకు?”

“ఊరంతా చెప్పినారమ్మా.”

“ఆమె చెప్పిందా?”

“లేదు. ఆయమ్మ వచ్చి కూర్చున్నది గానీ ఏమీ చెప్పలే. మిగిలినోళ్లే చెప్పినారు. ఇంగా ఉలి పెట్టలేదులే.”

దాని పక్కన ఒక బండ ఖాళీగా ఉంది. అది ఎవరిదని అడగవలసిన పని లేదు. మా ఇల్లు పెద్దమ్మ ఇంటి పక్కనే కదా. అయినా అడిగాను.

“అదే ఆ మునసబుది. హిందూపురంలో ఉండారంట. కబురు రాసినారు. వస్తారో రారో.”

ఆ సాయంత్రం గది తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. తిట్లు గాలిలో పోతాయి. రాయి పోదు. మా నాయన వందేళ్లు, రెండు వందల ఏళ్లు ఆ మిద్దె మీద గడ్డపార ఎత్తి నిలబడే ఉంటాడు. దారిన పోయే ప్రతివాడూ అదేం మనిషో అంటాడు.

ఆదివారం హిందూపురం పోయాను. ఉత్తరం నా కన్నా ముందే వచ్చి ఉంది. కార్డు నాయన చొక్కా జేబులో నాలుగు మడతలై ఉంది. అమ్మ అన్నం వండకుండా గోడకు ఆనుకుని కూర్చుంది.

“పోతానంటాండాడు,” అంది నాతో. “చెప్పు నువ్వైనా. ఆడికి పోతే కొట్టి చంపుతారు.”

“చంపరులే,” అన్నాడు నాయన. “పిలిచినారు. పోకపోతే ఇంగా తప్పు.”

“బండ మీద ఏం గీసినారో తెలుసా నాయనా?” అన్నాను.

“తెలీదు. ఏం గీసినా గీయనీ.”

“నేను కూడా వస్తా.”

“నువ్వు వద్దు,” అన్నాడు వెంటనే. ఎనిమిదేళ్లలో నా వైపు అంత నేరుగా చూడటం అదే మొదటిసారి. ఆయనకు భయం వేసింది. తన కోసం కాదు.

నేను వినలేదు. ఆ తర్వాతి ఆదివారం, కార్డులో రమ్మన్న రోజు పొద్దున, ఆయన హిందూపురంలో ఎక్కిన ప్యాసింజరు బండినే నేను పెనుకొండలో ఎక్కాను. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. పెట్టె అడుగు నుంచి తీసిన నల్లకోటు వేసుకున్నాడు. విప్పమని చెప్పడానికి నోరు రాలేదు. ధర్మవరం దగ్గర పడుతుండగా ఒకే ఒక్క మాట అన్నాడు.

“ఆడ నువ్వేమీ మాట్లాడొద్దు.”

నేను తల ఊపాను.

ధర్మవరం నుంచి బస్సు, బస్సు దిగినాక రెండు మైళ్ల నడక. కొత్తూరు నేను చూడటం అదే మొదలు. ఇళ్లన్నీ ఒకే కొలత, ఒకే వరస. వీధిలోకి అడుగు పెట్టగానే అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. మా వెనక తలుపులు తెరుచుకున్న చప్పుళ్లు వినబడ్డాయి. వెనక్కి చూడాలంటే భయం. నడుస్తున్నకొద్దీ వెనక అడుగుల చప్పుడు పెరిగింది. జనం మా వెంట నడుస్తున్నారు. రండి అనీ లేదు, పొండి అనీ లేదు. నాయన చెవుల వెనక నుంచి చెమట కారి కోటు మెడ తడిసింది.

బడి ముందర పందిరి కింద బండలు పరిచి ఉన్నాయి. పెనుకొండ నుంచి బండ్ల మీద తెచ్చారు. చాలా వాటికి ఉలి పని అయిపోయింది. బొమ్మలు గీసే ధర్మవరం ఆయన నన్ను గుర్తుపట్టి, పక్కన నాయన కోటు చూసి, చేతిలో సుద్దముక్క పక్కన పెట్టేశాడు. పెద్దమ్మ పందిరి గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి చేయి వంకరగా ఒడిలో పడి ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

ఊరి పెద్దాయన ఒకాయన ముందుకు వచ్చాడు. వెనకటికి ఉమ్మేసిన ముసలాయన తమ్ముడు. “ఏమప్పా మునసబూ, చూసుకో. నువ్వు చేసింది కాదంటావా?” అని ఆ బండను కర్రతో చూపించాడు.

నాయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నిలువునా మనిషి సన్నబడిపోయినట్టు అనిపించింది నాకు.

“ఉన్నదే గీసినారు,” అన్నాడు. “నేనే పగలగొట్టినా. ఉలి పెట్టుకోండి.”

“లోపల మనిషి ఉండాదని తెలిసి పగలగొట్టినావు. అది గూడా చెప్పు.”

నాయన తల వంచుకున్నాడు. జనంలో నుంచి ఎవరో, “చెప్పు, చెప్పు,” అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. గుంపు దగ్గరికి జరిగింది. నాయన తల వంచుకునే ఉన్నాడు. ఒక చేయి వెనక్కి పెట్టి, నన్ను వెనకే ఉండమన్నట్టు వేళ్లతో సైగ చేశాడు. ఆ వేళ్లు చూసి నాకు ఇక నిలబడటం చేతకాలేదు.

“ఆయనకు తెలీదు,” అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. “నాయనకు తెలీదు. పెద్దమ్మ కదిరికి పోయిందని నేనే చెప్పినా. తాళం నేనే వేసినా. చెవి నా దగ్గర ఉండె. అరవాలనుకున్నా, అరవలే. నేనే.”

నాయన నా వైపు తిరిగి, “ఎందుకమ్మా,” అన్నాడు, అంతే. నేను కళ్లు మూసుకున్నాను. ఏ వైపు నుంచి ఏం వచ్చి మీద పడుతుందో అని ఒళ్లంతా బిగపట్టుకుని నిలబడ్డాను.

పెద్దమ్మ గొంతు వినబడింది.

“నువ్వు మీ నాయనకు చెప్పలేదా మే?”

“లేదు పెద్దమ్మా. నువ్వు ఒట్టు పెట్టినావు.”

ఆమె మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు అంది. “పిల్లది కదా, నాయన అడిగితే చెప్పకుండా ఎట్ల ఉంటాది అనుకుంటి. చెప్పే ఉంటాది, తెలిసే మిద్దెక్కినాడు మా మర్ది అనుకుంటి. ఎనిమిదేండ్లు అదే అనుకుంటా పండుకుంటి. పిల్ల మాట నిలబెట్టుకున్నాదని నాకు యాడ తెలుసు.”

ఎడమ చేత్తో ముఖం కప్పుకుంది. ఎవరో ఆమె భుజం మీద చేయి వేయబోతే తోసేసింది.

ధర్మవరం ఆయన తడిగుడ్డ తీసుకుని బండ దగ్గరికి వచ్చాడు. “ఇంగా ఉలి పడలేదు గదా. మిద్దె మీద మనిషిని తుడిచేస్తా,” అన్నాడు.

“తుడచొద్దు,” అంది పెద్దమ్మ. “మిద్దె మీద మనిషి ఉండె. కింద నేనుంటి. అది అబద్ధమా? నోటీసు తెచ్చింది ఆయనే, గడ్డపార పట్టింది ఆయనే. ఉండనీ. వాకిట్లో మాత్రం ఈ పాపను పెట్టు. చేతిలో తాళంచెవి పెట్టు. అప్పుడు చూసేటోళ్లకు తెలుస్తాది.”

వద్దు పెద్దమ్మా అనబోయాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో క్షమించడం లేదు, తిట్టడమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినదాని చూపు అది. ధర్మవరం ఆయన నన్ను కిందికీ పైకీ ఒకసారి చూసి, గుమ్మం పక్కన పావడ కట్టిన చిన్న బొమ్మ గీశాడు. నాలుగు గీతలు. అంతే పట్టింది.

“మీ ఇంటికి ఏం గీయమంటావు?” అని ఆయన నాయనను అడిగాడు.

నాయన ఖాళీ బండ వైపు చూశాడు. “మా ఆడమనిషిని అడిగి చెప్పి పంపిస్తా,” అన్నాడు.

హిందూపురం పోయి అడిగితే అమ్మ మొదట కసురుకుంది. “మిద్దెక్కిన పొద్దు నన్నడిగినాడా? ఇప్పుడేం అడుగుతాడు?” రెండు రోజులకు తనే నన్ను పిలిచి చెప్పింది. పొయ్యి, పొయ్యి మీద ఉడుకుతున్న సంగటి కుండ, పక్కన తెడ్డు. ఇంకేమీ వద్దు. ఆ పొద్దు సంగటి దించకముందే కప్పు మట్టి అందులో పడిందట. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

బండలు నాటే రోజుకు ముగ్గురం కలిసి పోయాం. కట్ట కింద బాట పొడుగునా గుంతలు తీసి ఉన్నాయి. ఊళ్లో ఇళ్లు ఎట్లా ఉండేవో ఆ వరసలోనే. వాళ్ల బండను వాళ్లే మోసి నిలబెట్టాలన్నారు. మా బండకు నాయన, అమ్మ, నేను చాలలేదు. ఎవరూ ముందుకు రాలేదు కాసేపు. తర్వాత ధర్మవరం ఆయన వచ్చి ఒక చివర పట్టాడు. ఆయనను చూసి ఇంకో ఇద్దరు పట్టారు.

సగం బండలు లేచినాక జీపు చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకు జనమంతా ఒక్కసారి ఆగిపోయారు. పలుగులు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. చిన్నపిల్లలను వెనక్కి లాక్కున్నారు. ఎనిమిదేళ్ల కిందటి గురువారం అందరి ముఖాల మీదికీ తిరిగొచ్చింది. జీపులో నుంచి కట్ట పని చూసే ఆఫీసు మనిషి ఒకడు దిగాడు.

“ఎవరి పర్మిషన్‌తో నాటుతాండారు? ఇది సర్కారు జాగా. అన్నీ పీకించేస్తా. ఎవరు చేయించింది?”

పెద్దాయన నేల చూపులు చూస్తున్నాడు. నాయన పెదవులు తడుపుకోవడం నేను చూశాను. కోటు గుండీ పెట్టుకున్నాడు, తప్పింది, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ముందుకు నడిచాడు.

“నా పేరు రాసుకోండి. ఈ ఊరికి మునసబుగా చేసినోణ్ణి. దరఖాస్తు నేను రాసిస్తా.”

“ఏ ఊరికి?” అన్నాడు ఆ మనిషి.

నాయన నీళ్ల వైపు చేయి చూపించాడు. ఆఫీసు మనిషి ఒకసారి నీళ్లను, ఒకసారి బండలను చూశాడు. పేరు రాసుకున్నాడు, విలాసం రాసుకున్నాడు. మళ్లీ వస్తానని చెప్పి పోయాడు. ఆ తర్వాత చాలాకాలం దాకా హిందూపురంలో మా వీధిలో జీపు ఆగితే మాకు ముగ్గురికీ ఊపిరి ఆగేది. ఎవరూ రాలేదు. నాయన పెట్టుకున్న దరఖాస్తుకు జవాబూ రాలేదు. బండలు ఎవరూ పీకలేదు.

ఆ రోజు అన్ని బండలూ నిలబడేసరికి పొద్దు నడినెత్తి దాటింది. నేను పెద్దమ్మ బండ దగ్గరికి పోయాను, మళ్లీ వెనక్కి వచ్చాను, మళ్లీ పోయాను. గుమ్మం పక్కన ఆ పిల్ల మూరెడు కూడా లేదు. ముఖం లేదు, కళ్లు లేవు. చేతిలో తాళంచెవి మాత్రం లోతుగా చెక్కారు. పెద్దమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. వంకర చేతి వేళ్లు నా మోచేతికి తగిలాయి. అది కావాలని తగిలిందో, ఊరికే తగిలిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు.

బాట పక్కనే విస్తళ్లు పరిచారు. నాయన ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోతే, ఎవరో పక్కకు జరిగి చోటు ఇచ్చారు. ఆయన కూర్చున్నాడు. అటు పక్కన మనిషి లేచిపోతాడేమోనని నేను చూస్తూ ఉన్నాను. లేవలేదు. అన్నం వడ్డించారు, పప్పు పోశారు. నాయన ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, మళ్లీ విస్తట్లో పెట్టాడు. వడ్డించే ఆమె రెండోసారి తిరిగి వచ్చి ఆయన ముందు ఆగింది.

“ఏమప్పా, తినవేమి? సల్లారిపోతాంది,” అంది.

ఆయన ఆమె ముఖంలోకి చూడకుండానే తల ఊపి, ముద్ద మళ్లీ ఎత్తుకున్నాడు.